వేడెక్కని గ్లాసెడు నీళ్లు

ఫలక్‌నుమా, హైదరాబాదు
10 ఫిబ్రవరి 1985, ఆదివారం

బామ్మర్ది ఇశ్రాయేలుకు,

ప్రభువు దయతో ఇక్కడ అందరం బాగున్నాం, క్రిస్మస్‌కు నువ్వు కువైట్ నుంచి మోసుకొచ్చిన ఆ తెల్ల మైక్రోవేవ్ డబ్బా తప్ప. అది వేడి చేయడం మానేసింది. ఈ సంగతి ముందే చెబుతున్నాను. చివర్లో చెబితే, బావ ఏదో దాచి రాశాడని మళ్లీ మొదటి నుంచి చదువుతావు.

పది రోజులుగా ఇదే వరస. తలుపు వేసి మీట తిప్పితే లోపల లైటు వెలుగుతుంది, గాజు పళ్లెం తిరుగుతుంది, టైము అయ్యాక గంట కూడా మోగుతుంది. తీసి చూస్తే అన్నం పెట్టినప్పుడు ఎంత చల్లగా ఉందో అంతే చల్లగా ఉంటుంది. ఫ్యూజు చూశాను. నువ్వు మార్చిన ప్లగ్గు విప్పి మళ్లీ బిగించాను. టెస్ట్ ల్యాంపు పెట్టాను, వెలిగింది. అంటే కరెంటు వస్తోంది, పని మాత్రం జరగడం లేదు.

ఆ డబ్బా మీ అక్క కళావతికి ఏమిటో నీకు చెప్పనక్కర్లేదు. స్టవ్ భగ్గుమని ఆమె చెయ్యి కాలి పదిహేను నెలలైంది. చెయ్యి మానింది, భయం మానలేదు. ఇప్పటికీ అగ్గిపుల్ల గీస్తే లేచి వాకిట్లోకి పోతుంది. తెల్లవారుజామున లేచి వంట చేసి నేను కాచిగూడ రైల్వే షెడ్డు డ్యూటీకి పోవడం, సాయంత్రం వచ్చి ఇద్దరం ఆ చల్లన్నమే తినడం మాకు అలవాటైపోయింది. నీ డబ్బా వచ్చాక, ఇంట్లో మంట లేకుండానే ఆమె నాకు వేడన్నం పెట్టింది. పక్కింటి నాగమణమ్మ రోజూ వచ్చి, లోపలి బల్బు వేడికే కూర ఉడుకుతుందా అని అడిగేది. కళావతి ఆమెకు మాస్టరమ్మలాగా విడమరచి చెప్పేది. ఈ పది రోజులుగా ఆ ముచ్చట లేదు. తనే ఏదో తప్పుగా తిప్పి పాడుచేసిందని అనుకుంటోంది.

ఇంకేం విశేషాలు? చర్చి రేకులు మార్చారు. మొగులయ్య తన పిండిగిర్నీకి పాత నూనె ఇంజను తీసేసి పెద్ద కరెంటు మోటరు పెట్టించాడు. గల్లీకి పొగ తప్పింది, పిండి కూడా మెత్తగా వస్తోందని ఆడవాళ్లు అంటున్నారు.

వచ్చే ఆదివారం డబ్బా కవర్ విప్పి చూస్తాను. నువ్వు ఫికర్ చేయకు.

మీ బావ,
ప్రకాశం

---

కువైట్
22 ఫిబ్రవరి 1985, శుక్రవారం

బావా,

నీ ఉత్తరం నిన్న చేతికొచ్చింది. లాండ్రీలో దుప్పట్ల మూటల మధ్య కూర్చుని చదివాను. వచ్చే ఆదివారం కవర్ విప్పుతానన్న మాట దగ్గర ఆగి మళ్లీ చదివాను. ఆ ఆదివారం ఇప్పటికే దాటిపోయింది. నువ్వు క్షేమంగా ఉన్నావనే నమ్మి ఇది రాస్తున్నాను.

మా హోటల్లో వంటింటి మిషన్లు బాగుచేసే బాబురావు గారు నాందేడు వైపు మనిషి. ఆయనకు నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆయన చెప్పింది ఇది. కవర్ వెనకాల కరెంటును దాచుకునే డబ్బీ ఒకటి ఉంటుందట. ప్లగ్గు పీకేసినా దాంట్లో కరెంటు నిలిచే ఉంటుంది. కొత్తలో అది ఆయనను ఒకసారి గోడకు విసిరికొట్టింది. ఎడమ చేతి రెండు వేళ్లకు ఇప్పటికీ స్పర్శ లేదు. నాకు చూపించారు కూడా. బావా, నీకు రైళ్ల కరెంటు తెలుసు. ఇది వేరే జాతి.

ఆయన చెప్పిన పరీక్ష ఒక్కటే. గాజు గ్లాసు నిండా నీళ్లు పోసి లోపల పెట్టాలి, రెండు నిమిషాలు తిప్పాలి, తీసి వేలు ముంచి చూడాలి. పగలు ఒకసారి, సాయంత్రం ఒకసారి. కొన్ని రోజులు అలా చూసి రాయండి. స్టీలు గ్లాసు మాత్రం వద్దు.

ఇక్కడ చలిగాలి తగ్గింది. నిన్న ఒక్కరోజే నాలుగు వందల దుప్పట్లు ఉతికాం. అక్కకు చెప్పు, ఆమె ఏదీ తప్పుగా తిప్పలేదు. చిన్నప్పుడు నా లాగుకు బొత్తాం కుట్టినా రెండుసార్లు లాగి చూసే మనిషి, మీట తప్పు తిప్పుతుందా?

నీ బామ్మర్ది,
ఇశ్రాయేలు

---

ఫలక్‌నుమా
24 ఫిబ్రవరి 1985, ఆదివారం

ఇశ్రాయేలూ,

నీ జవాబు ఇంకా రాలేదు. ఈలోగా మా ఇంట్లో పెద్ద లొల్లే అయింది.

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి, డబ్బాను చాప మీద పెట్టి స్క్రూలు విప్పడం మొదలుపెట్టాను. ఆరింటిలో మూడు విప్పాను. కళావతి వచ్చి నాకూ డబ్బాకూ మధ్యలో కూర్చుంది. జరుగు అన్నాను, జరగలేదు. నేను చేసేది ఈ పనే కదా అన్నాను. అప్పుడు నెమ్మదిగా అంది:

"స్టవ్ గురించి గూడ నాకేం ఎరుకలేదా? పదేండ్లు దాని మీదనే వండిన. అయినా కాల్చింది. గిప్పుడు నువ్వు ఎరుకలేని దాంట్ల చెయ్యి పెడ్తవ్. నీకేమన్నా అయితే నేను ఎవ్వల మొఖం చూడాలె?"

ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. సాయంత్రం దాకా ఆ చాప మీదే కూర్చుంది. నేను స్క్రూడ్రైవర్ తీసి అటక మీద పెట్టాకే లేచింది. డబ్బా ఇప్పుడు మూడు స్క్రూలతో గూట్లో ఉంది. ఇంట్లో మాటలు తగ్గాయి. నువ్వు మంచి మనసుతోనే తెచ్చావు, కానీ అది రాకముందు మేం ఇంత కొట్లాడుకోలేదు. ఈ మాట తప్పుగా తీసుకోకు.

ప్రకాశం

---

కువైట్
8 మార్చి 1985, శుక్రవారం

బావా,

24వ తారీఖు ఉత్తరం అందింది. నువ్వు తప్పుగా తీసుకోకు అన్నావు. నేను ఎట్లా తీసుకున్నానో నాకే తెలియదు. అక్క అన్నం మానేసింది, మీ మధ్య మాటలు లేవు, దానికి కారణం నేను తెచ్చిన వస్తువు. రెండు రాత్రులుగా ఇదే నలుగుతోంది.

నీకు ఒక సంగతి చెప్పాలి. ఎదురుగా చెప్పే ధైర్యం లేక ఇన్నాళ్లూ మింగాను. ఎనభై మూడులో సెలవు మీద వచ్చినప్పుడు, తిరిగి ఫ్లైటు ఎక్కే ముందు రోజు, అక్క స్టవ్ పంపులో గాలి నిలవడం లేదంటే నేనే విప్పి కొత్త వాషరు వేశాను. తొందరలో సరిగ్గా కూర్చోబెట్టానో లేదో నాకు గుర్తు లేదు. నేను ఇక్కడికి వచ్చిన మూడు వారాలకు స్టవ్ భగ్గుమందని నీ ఉత్తరం వచ్చింది. అప్పటి నుంచి అక్క చెయ్యి నేనే కాల్చానని అనుకుంటూ ఉన్నాను. ఆ డబ్బా అందుకే తెచ్చాను. ఇప్పుడు అది కూడా చెడింది.

సూపర్‌వైజరును సెలవు అడిగాను. ఒప్పందం మధ్యలో పోతే మళ్లీ ఇదే ఉద్యోగం ఉంటుందని మాట ఇవ్వలేనన్నాడు. ఫర్వాలేదు. దరఖాస్తు రాసి పెట్టాను. నువ్వు రమ్మని ఒక్క ముక్క రాయి, వచ్చేస్తాను.

ఇశ్రాయేలు

---

ఫలక్‌నుమా
10 మార్చి 1985, ఆదివారం

ఇశ్రాయేలూ,

నీ 22వ తారీఖు ఉత్తరం చూశాను. ఇరవై రెండేళ్లుగా రైలు పెట్టెల్లో లైట్లు వెలిగిస్తున్నవాడికి నువ్వు కరెంటు పాఠం చెప్పావు. సరే. బాబురావు గారి వేళ్ల సంగతి చదివాక నేను మిగతా మూడు స్క్రూలూ బిగించేశాను. ఆ భాగాన్ని కళావతి రెండుసార్లు చదివి వినిపించమంది. వింటున్నంతసేపూ నన్నే చూసింది.

గ్లాసు పరీక్ష మొదలుపెట్టాం. మధ్యాహ్నం ఆమె వంతు, సాయంత్రం నా వంతు. నా గ్లాసు ఒక్కరోజూ గోరువెచ్చన దాటలేదు. తన గ్లాసు మాత్రం రెండు నిమిషాల్లో పొగలు కక్కుతోందని ఆమె చెప్పింది. నేను నమ్మలేదు. డబ్బా బాగానే ఉందంటే నేను దాని జోలికి పోనని అలా చెబుతోంది అనుకున్నాను. మొన్న ఆ మాట అనేశాను కూడా. ఈరోజు ఆదివారం కదా, మధ్యాహ్నం నన్ను కూర్చోబెట్టి నా కళ్ల ముందే గ్లాసు పెట్టింది. నీళ్లు మరిగాయి. వేలు కాలింది.

ఐదు గంటలకు నేను మళ్లీ పెట్టాను. ఆరిపోయిన చాయ్ అంత వేడి కూడా లేదు.

లోపల ఎక్కడో వైరు లూజుగా ఉంది, అందుకే ఒకసారి తగులుతోంది, ఒకసారి తగలడం లేదని తేల్చాను. ఆ డబ్బీలో కరెంటును చంపే పద్ధతి ఏమిటో బాబురావు గారిని అడిగి రాయి. అంతవరకూ ముట్టను, మీ అక్క ముందు ఒట్టు వేశాను.

ప్రకాశం

---

కువైట్
22 మార్చి 1985, శుక్రవారం

బావా,

నీ 10వ తారీఖు ఉత్తరం బాబురావు గారికి చూపించాను. చంపే పద్ధతి ఉత్తరంలో రాసేది కాదన్నారు. నువ్వు పట్టుబడితే ఆయన నాతో మాట్లాడటమే మానేస్తారట. మధ్యాహ్నం మరిగి సాయంత్రం మరగలేదన్న చోట మాత్రం కళ్లద్దాలు తీసి నవ్వారు. "మీ బావగారిని డబ్బాను వదిలి గోడను చూడమను" అన్నారు. నాకు సగమే అర్థమైంది, నీకు పూర్తిగా అర్థమవుతుందని రాస్తున్నాను.

నేను రాసిన దానికి నీ జవాబు ఇంకా రాలేదు. దరఖాస్తు సూపర్‌వైజరు బల్ల మీదే ఉంది. మొదటి తారీఖున పైకి పంపుతానన్నాడు. ఆ వాషరు సంగతి చదివి నువ్వు కోపంతో రాయడం మానేశావేమోనని భయంగా ఉంది. అక్కకు చదివి వినిపించావా?

ఇశ్రాయేలు

---

ఫలక్‌నుమా
24 మార్చి 1985, ఆదివారం

బామ్మర్ది ఇశ్రాయేలుకు,

నిన్న నీకు టెలిగ్రాం కొట్టించాను: అంతా క్షేమం, రావద్దు. ఈ ఉత్తరం కంటే ముందే అందుతుంది. ఆ దరఖాస్తు చింపెయ్యి. డబ్బా చెడలేదు. అసలు ఎప్పుడూ చెడలేదు. కనిపెట్టింది నేను కాదు.

గురువారం సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే కళావతి గోధుమల సంచి చంకన పెట్టుకుని తయారుగా ఉంది. గ్లాసులో నీళ్లు పోసి డబ్బాలో పెట్టింది. తను వెళ్లిన కాసేపటికి మీట తిప్పమని, పది నిమిషాల దాకా తిప్పి వదిలేయమని చెప్పింది. ఎందుకని అడిగాను.

"నువ్వు బల్బు దిక్కు చూస్కుంట కూసో. నేను గిర్నీ కాడికి పోయొస్త."

నేను కూర్చున్నాను. మా గల్లీలో సాయంత్రం బల్బు ఎర్రగా వెలగడం కొత్తేమీ కాదు, ఈ మధ్య ఇంకా ఎర్రబడింది, అంతే అనుకుంటూ ఉన్నాను. డబ్బా మూలుగుతూ తిరుగుతోంది. నాలుగు నిమిషాలు గడిచాయి. ఉన్నట్టుండి గిర్నీ చప్పుడు ఆగింది. బల్బు తెల్లగా వెలిగింది. డబ్బా గొంతు మారింది. ఇంకో రెండు నిమిషాలకు గ్లాసులో నీళ్లు కుతకుత ఉడికాయి. మళ్లీ గిర్నీ మొదలైంది, బల్బు ఎర్రబడింది.

ఆమె పిండి సంచితో వచ్చి గడపలో నిలబడి, "మరిగినయా?" అంది. మరిగాయన్నాను. అప్పుడు చెప్పింది. గిర్నీ మధ్యాహ్నం మూతేస్తారు, నాలుగు గంటల నుంచి చీకటి పడేదాకా తిప్పుతారు. చప్పుడు ఉన్నప్పుడల్లా నీళ్లు చల్లగా ఉంటున్నాయని వారం రోజులుగా విని పట్టుకుందట. మొగులయ్య దగ్గరికి పోయి, "అన్నా, జర రెండు మూడు నిమిషాలు మిషన్ ఆపుతవా, మా ఇంట్ల ఒక పరీక్ష ఉన్నది" అని అడిగిందట. ఎవరి పిల్లల పరీక్షో అనుకుని ఆయన ఆపేశాడు.

మర్నాడు షెడ్డు నుంచి మీటరు అడిగి తెచ్చాను. గిర్నీ తిరిగేటప్పుడు మా ఇంట్లో నూట అరవై ఐదు వోల్టులు, ఆగితే రెండు వందల ఇరవై. మా వరస ఇళ్లూ ఆ కొత్త మోటరూ ఒకే తీగ మీద ఉన్నాయి. ఆ డబ్బాకు కడుపు నిండా కరెంటు లేకపోతే లైటు వెలిగించి పళ్లెం తిప్పుతుంది గానీ వేడి పుట్టించలేదు. ఇరవై రెండేళ్ల సర్వీసు ఉన్నవాడిని, మొదటి రోజే మీటరు పెట్టి చూడలేదు. మీ అక్క చెవులతో పట్టుకుంది. నాది లూజు వైరు అన్న మాట షెడ్డులో ఎవరికీ చెప్పలేదు, నువ్వు బాబురావు గారికి చెప్పకు.

ఇక నీ వాషరు. ఇశ్రాయేలూ, ఆ రాత మీద కన్నీటి మరకలు కనిపించాయి. ఇది చదివి నిమ్మళించు. నువ్వు వేసిన వాషరు స్టవ్‌లో వారం కూడా లేదు. నువ్వు పోయాక గాలి మళ్లీ దిగిపోతుంటే నేను దాన్ని తీసేసి, షెడ్డులో తోలు ముక్క కోసి నా చేత్తో వేరేది వేశాను. భగ్గుమన్నప్పుడు ఉన్నది నాది. ఇది మీ అక్కకు కూడా చెప్పలేదు. తెల్లవారుజామున లేచి వంట చేయడం మంచి మొగుడి లక్షణమని నాగమణమ్మ నలుగురిలో మెచ్చుకుంటుంటే తల వంచుకుని పోయేవాణ్ణి. ఎందుకో ఇప్పుడు నీకు తెలిసింది. నీ 8వ తారీఖు ఉత్తరం కళావతికి ఇంకా చదివి వినిపించలేదు. నా సంగతి కూడా చెప్పాల్సి వస్తుందని.

ప్రకాశం

---

కువైట్
5 ఏప్రిల్ 1985, గుడ్ ఫ్రైడే

బావా,

టెలిగ్రాం 25న అందింది. వెంటనే పోయి దరఖాస్తు వెనక్కి తీసుకున్నాను. ఇంట్లో అందరూ ఒక్కసారే బాగైపోయారా అని సూపర్‌వైజరు అడిగాడు. పిండిగిర్నీ ఆపితే బాగైపోయారని చెబితే అతనికి అర్థం కాదని ఊరుకున్నాను.

ఉత్తరం నిన్న వచ్చింది. గిర్నీ సంగతి నవ్వుకుంటూ చదివాను, వాషరు దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది. నువ్వు నాకు ఊరట ఇద్దామని రాశావు. నాకు ఊరట కలిగింది, ఒప్పుకుంటున్నాను. కానీ నా బరువు నీ నెత్తికి ఎక్కిందని తెలిసి అది సగమే మిగిలింది. బావా, నీ తోలు ముక్క నాకంటే శ్రద్ధగా కోసే ఉంటావు. వాషరు వల్లే అయిందని మనిద్దరికీ ఎవరు చెప్పారు? మనమే చెప్పుకున్నాం. దాన్ని మీటరు పెట్టి చూసినవాళ్లు లేరు.

ఈ పూట ఇక్కడ తెలుగువాళ్లం పదకొండు మంది ఒక గదిలో ప్రార్థన పెట్టుకున్నాం. నా 8వ తారీఖు ఉత్తరమూ, ఇదీ అక్కకు చదివి వినిపించు. ఆమె ఎంత తిట్టినా ఫర్వాలేదు, ఆ తిట్లు ఉన్నవి ఉన్నట్టు రాయి.

బాబురావు గారికి లూజు వైరు సంగతి చెప్పలేదు. నీ 10వ తారీఖు ఉత్తరంలో ఆయన ముందే చదివేశారు.

ఇశ్రాయేలు

---

ఫలక్‌నుమా
21 ఏప్రిల్ 1985, ఆదివారం

బామ్మర్ది ఇశ్రాయేలుకు,

పోయిన సోమవారం లైన్‌మన్ నిచ్చెనతో వచ్చి మా వరస ఇళ్లను మోటరు లేని వేరే ఫేజు తీగకు మార్చాడు. కళావతి, నాగమణమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్లు మూడుసార్లు పోయి అడిగితే వచ్చాడు. మొగులయ్య కూడా వాళ్లతోనే పోయి, తన మోటరు వల్ల అందరి బల్బులూ గుడ్డివైపోతున్నాయని తనే చెప్పాడు. ఇప్పుడు గిర్నీ తిరుగుతున్నా నీళ్లు మరుగుతాయి. సాయంత్రం నేను వచ్చేసరికి పళ్లెంలో అన్నం పొగలు కక్కుతోంది. తెల్లవారుజాము వంట నాదే. స్టవ్ దగ్గరికి ఆమె రాదు, రమ్మని నేను అడగను. నిజం చెప్పాలంటే నా పప్పుచారు ఈ పదిహేడు నెలల్లో బాగా కుదిరింది, వదులుకోవడానికి నాకే మనసు లేదు.

నువ్వు చెప్పినట్టే ఈరోజు చర్చి నుంచి వచ్చాక ఉత్తరాలన్నీ వరసగా చదివి వినిపించాను. నీ వాషరూ, నా వాషరూ, దాచింది లేకుండా. ఆమె గోడకు ఆనుకుని చింతపండు ఈనెలు తీస్తూ వింది. నేను చదవడం ఆపాక కూడా చాలాసేపు ఈనెలు తీస్తూనే ఉంది. తిడుతుందని ఎదురుచూశాను.

"మీ ఇద్దరు వాషర్ వాషర్ అనుకుంట ఏండ్లు గడిపిండ్రు. వాషర్‌కు ఏం కాలేదు. గా పొద్దు నీకు డ్యూటీ టైమ్ అయితున్నది. కూర సగం ఉడికినంక స్టవ్‌ల గాసునూనె అయిపొయింది. స్టవ్ సల్లారక ముందే మూత తీసి నూనె పోసిన. నేనే పోసిన."

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"దవాఖానల నువ్వు నా చెయ్యి పట్టుకొని ఏడ్సినవ్. నా తొందర వల్ల అయిందని ఎట్ల చెప్పాలె? తర్వాత నువ్వే లేసి వండుడు మొదలు పెట్టినవ్. ఇగ చెప్పుడు ఇంకా కష్టమైంది."

ఇశ్రాయేలూ, నాకు కోపం రాలేదు. డ్యూటీకి ఆలస్యమైతే రోజూ కేకలు వేసేవాణ్ణి నేనే కదా, ఆ తొందర ఆమెకు ఎవరి నుంచి వచ్చింది? ఆ మాటే అన్నాను. ఇంక చాలు, దీన్ని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టకు అంది. అని నవ్వింది. నేనూ నవ్వాను. చింతపండు చాట కింద పెట్టి, కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

"గిది గిప్పుడే రాయి. వాడు గూడ నిమ్మలంగ ఉంటడు."

అందుకే అన్నం కూడా తినకుండా రాస్తున్నాను. లోపల డబ్బా గంట మోగింది, ఆమె పిలుస్తోంది.

ఇంకేం రాయను, పోయి తింటాను.

మీ బావ,
ప్రకాశం